గడియ

రాత్రి రెండున్నర. క్లాక్స్‌విక్ రేవు ఆఫీసు.
కిటికీ అద్దం మీద అడ్డంగా నడిచే వాన.
ఆటుపోట్ల పట్టీ ఐదింటికల్లా పంపాలి,
కాడ్ చేపల పడవలు అప్పటికి తాళ్లు విప్పుకుంటాయి.

నాకున్నది చిన్న పని.
పొడుగాటి కమాండ్‌లో ఒక్క మాట దిద్దడం.
మాట మీంచి మాటకి గెంతుదామని
ఆల్ట్ పట్టుకుని ఎఫ్ నొక్కితే
పిలవని పేరంటంలా నెత్తిన మెనూ ఒకటి దిగింది.
ఎడమ ఆల్ట్ మెనూలకి అమ్ముడుపోయిందట.
కుడి ఆల్ట్‌ది వేరు కాపురం,
బ్రాకెట్లకీ బ్యాక్‌స్లాష్‌కీ తలదాచుకునే చోటు.
మా భాషలో ఎద్ అని ఒక అక్షరం,
రాస్తాం, పలకం.
దానికి మాత్రం కీబోర్డులో సొంత ఇల్లుంది.

పోనీ పాతదాన్నే వెతుకుదామని కంట్రోల్ ఆర్.
వెనక్కి, ఇంకా వెనక్కి, కావలసింది దాటిపోయాను.
ముందుకు రావాలంటే కంట్రోల్ ఎస్ అని
ఎక్కడో చదివిన గుర్తు.
నొక్కాను.

అంతే.
కర్సర్ కళ్లార్పుతుంది, ఉలకదు, పలకదు.
ఎంటర్ కొట్టాను. మళ్లీ కొట్టాను.
మా అమ్మమ్మ గొర్రెల్ని తిట్టే తిట్టొకటి
అక్షరం అక్షరం పొడుస్తూ టైప్ చేశాను.
ఎంటర్.

మూడింటికి ఎయ్ఫిన్‌కి ఫోన్ చేశాను.
డెబ్బై ఆరేళ్లు. ఇదే గదిలో ఒకప్పుడు టెలెక్స్ కొట్టినవాడు.
నిద్ర చెడినందుకు విసుక్కోలేదు. దగ్గి,
"ఎస్ నొక్కావా?" అన్నాడు.
"నొక్కాను."
"క్యూ నొక్కు. కంట్రోల్ క్యూ."

నా వేలు అక్కడికి చేరేలోపే మొదలెట్టాడు:
కాగితం మీద కొట్టే మిషన్లు, పాపం,
రిబ్బన్ చిక్కుపడేది, చుట్ట అయిపోయేది.
అప్పుడు ఇవతలి నుంచి ఒక్క మాట, ఆగు.
కాగితం సర్దుకున్నాక ఇంకో మాట, కానీయ్.
"మిషన్లు తుక్కుకి పోయాయమ్మా,
ఆ మర్యాద ఒక్కటీ మిగిలింది."

క్యూ నొక్కాను.
గడియ తీసిన దొడ్డిలోంచి మందలా
అరగంట నుంచి లోపలున్నదంతా తోసుకొచ్చింది.
ముందు, పోయినేడు మార్చి ఆటుపోట్లు,
ఎవరూ అడగనివి, ముప్పై ఒక్క రోజులవీ.
(వెతుకులాటలో దొరికిన కమాండ్ మీదే కొట్టానన్నమాట
ఆ మొదటి ఎంటర్.)
తర్వాత ఒక ఖాళీ వరుస.
ఆ కింద అమ్మమ్మ తిట్టు, పొల్లు పోకుండా.
దాని కింద షెల్ జవాబు:
అలాంటి కమాండ్ లేదు.

నవ్వు ఆగలేదు.
"ఏం టైప్ చేశావేంటి?" అన్నాడు.
చెప్పలేదు.
పోటు ఎన్నింటికని అడిగాడు, అది చెప్పాను.
పడవ అమ్మేసి తొమ్మిదేళ్లయినా అడుగుతాడు.

ఆ గడియని ఊడబెరికే లైను ఒకటుంది,
సెట్టింగుల ఫైల్లో రాసుకుంటే ఎస్ మళ్లీ అడ్డుపడదు.
రాశాను. సేవ్ చేయకుండా కాసేపు చూశాను.
చేశాను.

ఆల్ట్ ఎఫ్ సంగతి ఇంకా తేలలేదు.
నాలుగవుతోంది.
బాణం కీ మీద వేలుంచి
ఒక్కో అక్షరమే దాటుకుంటూ వెళ్లాను,
పలకనిదాన్ని కూడా.