పదకొండు నలభై ఏడు

సీసా మీద ప్లాస్టరు, ప్లాస్టరు మీద నంబరు.
కాగితంలో పేరు: అంకబాబు, యాభై ఎనిమిది,
మిర్చి యార్డులో పాట పాడే మనిషి.
పాటంటే రాగం కాదు, ధర.
ముప్పై ఏళ్ళు క్వింటా క్వింటాకీ ఎగిరిన నాలుక.
దాని అంచున మానని పుండు,
పుండు పక్కనుంచి కందిగింజంత ముక్క.

రోహిణీ కార్తె.
గుంటూరులో రోళ్ళ సంగతేమో గానీ
మైనం మాత్రం ఆగదు.
పెద్దాసుపత్రి రెండో అంతస్తులో
తిరిగీ తిరగని ఫ్యాను కింద
ముక్కని దాచుకున్న మైనపు దిమ్మెని
ఐసు మీద బోర్లించి కూర్చుంటాను.
గట్టిపడ్డాక చక్రం తిప్పుతాను.
ఒక్కో చుట్టుకీ
వెంట్రుక మందంలో పదిహేనో వంతు పొర
గోరువెచ్చని నీళ్ళ మీద వాలి
ముడత విప్పుకుంటుంది.
అప్పుడు ఊపిరి వదలకూడదు.
వదిలితే, మనిషి ఎగిరిపోతాడు.

ఏసురత్నం మేడం నేర్పిన పని ఇది.
కణజాలం అంటే ఏంటి మేడం అని అడిగితే
కిటికీలోంచి బస్తాలెత్తే వాళ్ళని చూపించి
"ఒక్కడైతే కూలీ, ఒకే పని ఒప్పుకుని కలిస్తే ముఠా.
రాసుకో" అంది.
రాసుకోలేదు. మర్చిపోనూ లేదు.

నీలం, తర్వాత గులాబీ.
రంగులు పట్టాక అద్దం కింద పెడతాను.

పైన పలకలు పలకలుగా ఉపకళ.
కారానికీ, మరిగే టీకీ, వక్కకీ సున్నానికీ
ఎదురు నిలబడే ముఠా.
అడుగున పుట్టి పైకి నడిచి రాలిపోతుంది.
ప్రతి ముద్దతో కొందరిని మింగేస్తాం,
ఎవరికీ మైల లేదు.
ఇంత చాకిరీ చేసేదానికి సొంతంగా ఒక్క నెత్తుటి కాలువ లేదు,
కింది వాటా వాళ్ళు పంపిందే తిండి.

ఆ కింది వాటాని పుస్తకం సంయోజకం అంటుంది.
పీచులు, సందులు, కాస్త కొవ్వు,
ఎవరెక్కడ ఖాళీ వదిలితే అక్కడ సర్దుకునే గుణం.
ఎముకదీ నెత్తురుదీ కూడా ఇదే ఇంటిపేరని
చదివిన రోజు నవ్వాను.
ఒకటి రాయి, ఒకటి ఏరు.
తర్వాత మా ఇంట్లో వాళ్ళని తలుచుకుని మానేశాను.

ఇంకా లోపల కండరం.
నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా
మూడు దారులు అల్లుకున్న చారలు.
తేజా రకానికి రూపాయి పెంచిందీ
బేడిగ బస్తాని ఒక్క మాటతో దించిందీ ఈ చారలే.
ఇవి మన మాట వింటాయి.
గుండెకీ చారలున్నాయి, మాట మాత్రం వినదు.
పేగుకి చారలూ లేవు, వినికిడీ లేదు.
తిన్న సంగతి మనం మర్చిపోయాక
అది మొదలుపెడుతుంది.

నాడి కోసం వెతకాలి.
మూలన, రంగు అంతగా అంటని సన్నని కట్ట.
మోయదు, కప్పదు, కట్టదు.
చెబుతుంది, అంతే.
నాలుగు నెలలు ఇది కూడా పాట పాడింది,
రోజురోజుకీ ధర పెంచుతూ.
సీజను ముగిసేదాకా
అంకబాబు వినలేదు.

ఉపకళకీ దాని కింది వాటాకీ నడుమ
సన్నని గట్టు ఉంటుంది.
మాగాణి ఊరిదాన్ని, గట్టంటే నాకు చెప్పక్కర్లేదు.
పై ముఠా ఆ గట్టు తెంచుకుని కిందికి దిగిందా లేదా,
అది డాక్టరుగారు చూడాలి.
రంగు పట్టిందా, ముడత పడిందా,
అంతవరకే నా కన్ను.
కానీ పదహారేళ్ళ కన్ను,
హద్దులో ఉండమంటే ఉంటుందా?

ఈ చివర గట్టు ఉంది.
ఇక్కడా ఉంది.
ఆ చివర, సరిగ్గా చూడాల్సిన చోట,
గాజు కింద గాలిబుడగ.
నా చెయ్యే. మళ్ళీ కొయ్యాలి.

వరండాలో అంకబాబు కూతురు,
చున్నీ కొసతో చెమట తుడుచుకుంటూ:
"ముక్క మొత్తం అయిపోయిందా మేడం?
మిగిలింది తిరిగిస్తారా?"
ఇవ్వమమ్మా, మైనంలో పదేళ్ళు దాస్తాం అన్నాను.
పదేళ్ళా, అంది.
ఆ అంకెని తనకు కావలసిన వైపు తిప్పుకోవడం
నా ఎదురుగానే జరిగింది.
నేను వారించలేదు. సాయమూ చెయ్యలేదు.

లోపలికొచ్చి ఐసు మార్చాను.
దిమ్మె గట్టిపడేదాకా
నోట్లో నాలుక కదపలేదు.