ఏడాదికి మూడు మిల్లీమీటర్లు

మా జిల్లా ఏటా కాస్త పెరుగుతుంది.
యుద్ధం చేసీ కాదు, కొనీ కాదు.
వేల ఏళ్ల కిందట మంచు
మా మీద చాలాకాలం కూర్చుని, లేచి వెళ్లింది.
బరువు దిగిన నడుము
ఇప్పటికీ నిటారవుతూనే ఉంది.

ఎస్తోనియా పటంలో గోరంత ద్వీపం.
బాల్టిక్ వెనక్కి జరిగినంత మేర
గీత దిద్దడం నా ఉద్యోగం.
కచేరీ రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల.
నాలుగు ఊళ్ల పాలన ఒకటయ్యాక
కొత్త ముద్ర బల్ల మీద, పాతవి నాలుగూ సొరుగులో.
పారేయమన్నారు.
చెయ్యి రాలేదు.

ఇవాళ సభ.
పదిహేడుమందికి పదహారుగురే వచ్చారు.
తూర్పుగాలి జలసంధిలో నీళ్లు తోసుకుపోయింది,
ఫెర్రీకి అడుగు తగులుతుందని ఆపేశారు,
పదిహేడో ఆయన అవతలి రేవులో సూప్ తాగుతున్నాడట.

మొదటి అంశం మంచు దారి.
సముద్రం గట్టిపడితే దాని మీద కార్లు నడుపుతాం.
సీటు బెల్టు పెట్టుకోకూడదక్కడ,
మునిగితే దూకాలి కదా.
ఈసారీ గట్టిపడలేదు.
ఆ పద్దు కింద వరసగా నాలుగో సున్నా.
గోదాములో దారి బోర్డులు మాత్రం
ఏటా కొత్త రంగు వేయించుకుంటాయి.

రెండోది ఎండెల్ అర్జీ.
వాళ్ల తాత కట్టిన పడవల పాక,
అప్పట్లో అల వచ్చి గుమ్మం తట్టేదట.
ఇప్పుడు నీళ్లకి నూట నలభై అడుగులు.
నడుమ రెల్లు, జూనిపర్ పొదలు,
ఎవరి పేరా ఎక్కని నేల.

ప్రభుత్వానిదే అన్నారొకరు.
పక్క పొలం వాళ్లదన్నారు మరొకరు.
హెల్వె చట్టం తెచ్చింది, కళ్లజోడు మరిచింది.
గంట గడిచాక ఎవరికో తట్టింది:
"ఇంతకీ నీకేం కావాలి, ఎండెల్?"

టోపీ చేతుల్లో తిప్పుతూ లేచాడు.
పొగబెట్టిన చేపల వాసన వరండా దాకా.
"నేల నాకెందుకు?
ఒడ్డు ఎక్కడని రాసుకున్నారో చెప్పండి.
పడవ ఈడ్వడానికి మోకాళ్లు చాలడం లేదు.
పాకని నేనే జరుపుకుంటా,
మళ్లీ జరపక్కర్లేని చోటు చూపించండి."

కాఫీ ఫ్లాస్కు బల్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.
వచ్చే సమావేశానికి వాయిదా అని
పెన్నుతోనే రాశాను.

తర్వాత పటం తెరిచి
పెన్సిల్ చెక్కుకున్నాను.
తీరాన్ని సిరాతో గీసినవాళ్లు
మా కచేరీలో ఇంతవరకూ లేరు.