నలభై మూడో నిమిషం

సరిగ్గా నలభై మూడో నిమిషంలో
పాట తెగేది.
విడవలూరు రొయ్యల గుంట గట్టుమీద
కాపలా మస్తానయ్య
ఫోన్‌ని తిట్టి, తట్టి, మళ్ళీ పెట్టుకునేవాడు.

మూడు రాత్రులు వెతికాను
ఏయే దేశాలవాళ్ళో రాసి వదిలిన కోడులో.
అడుగంటిన బఫర్‌ని నింపే లైనులో
ఒక్క గుర్తు తిరగబడి ఉంది.
తిప్పాను. పంపాను.
తెల్లవార్లూ తెగకుండా పాడింది.

పొద్దున్నే ఫోను:
"ఏందబ్బయా నువ్వు చేసింది!
అది ఆగినప్పుడల్లా మెలకువొచ్చి
ఏరియేటర్ తిరగతా ఉండాదో లేదో చూసుకునేవాణ్ణి.
రాత్రి కరెంటు పోయింది.
నేను పాటలో పడి నిద్రబోయినా.
రొయ్యలన్నీ పైకి తేలి
గట్టెంబడి చేరినయ్."

సగం గుంట దక్కిందట.

మళ్ళీ కోడు తెరిచాను.
అదే తప్పుని
ఈసారి తెలిసి రాస్తున్నాను,
ఎన్ని నిమిషాలకో వాళ్ళే పెట్టుకునేట్టు.
మీటకి పేరు:
కాపలా.