రెండు వందల ఎనభై ఎనిమిదో పేజీ

మొదటి మంగళవారం నాకు తలకెక్కింది ఒక్కటే:
తడిసిన తాడుకి వేరే పట్టిక ఉంది,
ఎండిన తాడుకి వేరే.
మంచు పట్టిన తాడు సంగతి మాట్లాడాలంటే
ముందు గాలి ఎటు వీస్తోందో పాచిక వేసి తేల్చాలి.

కెమిలో నవంబరు. మధ్యాహ్నం రెండున్నరకే దీపాలు.
మూసేసిన కాగితం మిల్లు క్యాంటీన్‌లో
నలుగురం, ఒక హీటరు, ఒక కాఫీ ఫ్లాస్కు,
నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం.
తైస్తో చదువుతున్నాడు.
ముప్పై ఏళ్లు మూడో షిఫ్టు నడిపిన గొంతు,
యంత్రాలు ఆగినా
వాటి హోరు మీదుగానే ఇంకా అరుస్తుంది:
"మనది వంతెనల దళం. కత్తులు మనవి కావు.
మనవాళ్లు దాటాలి. వెనకొచ్చేవి దాటకూడదు.
అంతే యుద్ధం."

అంతేనట!
కంచరగాడిద డ్రాగన్ వాసనకి బెదిరితే ఒక లెక్క,
పొగకి బెదిరితే ఇంకో లెక్క.
మంత్రగాడికి మూడు రాత్రులు నిద్ర లేకపోతే
వాడి మంత్రం సగం, తిండి రెట్టింపు.
నేను హార్డ్‌వేర్ కొట్లో మేకులు తూచే మనిషిని,
పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చాలనుకునేదాన్ని.
"ఇంజెక్షన్ లాంటిదే" అంది పక్కనున్న నర్సు రైలీ,
"సూది వైపు చూడకు."

చూడకుండానే ఎక్కింది.
జనవరిలో కొట్టుకొచ్చిన ఒకాయన
నైలాన్ తాడు ఇరవై మీటర్లు అడిగితే
"ఎంతమంది దాటాలి?" అన్నాను.

మ్యాపు గీసుకున్నది
మిల్లు ఆఖరి రోజున చుట్టిన రోలు మీద.
తైస్తో బండికెత్తి తెచ్చుకున్నాడు, ఎవరూ అడగలేదు.
పెన్సిలు దాని మీద ఎంత మెత్తగా పోతుందో.
"మంచి కాగితం చేశాం" అంటాడు యౌని
ప్రతివారం,
ఎవరో కాదన్నట్టు.

మామూలు సిపాయిలకి ఈ ఆటలో పేర్లుండవు.
పదిమందికి ఒక పాచిక.
ఒకటి పడితే ముగ్గురు పోతారు,
ఏ ముగ్గురన్నది పుస్తకానికి పట్టదు.
మంచు కురిసి ఆట ఆలస్యమైన రోజున
ఊరికే కూర్చోలేక రాశాను:
ఓర్బెక్, ఎడమచేతి వడ్రంగి.
సిల్దా, గాడిదల్ని తిట్టదు, మనుషుల్నే తిడుతుంది.
మాటల్లేని అన్నదమ్ములు హాన్, తురో,
ఒకే దుప్పటి.
నలభై పేర్లయ్యాయి.
"పుస్తకంలో లేదు" అన్నాడు యౌని.
"వద్దనీ లేదు" అన్నాను.
విసుక్కున్నాడు. ఆట నత్తనడక అయిందన్నాడు.
మరుసటి వారం వచ్చి
"సిల్దా ఎక్కడుంది?" అని తనే అడిగాడు.

మార్చి. బయట నది మీద మంచు పెళపెళమంటోంది.
బల్ల మీద నదికి మా వంతెన.
సైన్యం దాటేసింది. నలభై మంది అవతల,
వాళ్ల వెనక పొగ.
సేనాని యౌనియే, ఆజ్ఞ ఇవ్వక తప్పదు,
ఇచ్చాడు, నా మొహం చూడకుండా:
"తాడు కోసెయ్."

పాచిక నా చేతిలో ఉంది. ఎండిన తాడు,
పదునైన గొడ్డలి, రెండు పడినా చాలు.
ఇంత తేలికైన లెక్క నాకు ఎప్పుడూ రాలేదు.
"కొయ్యను" అన్నాను.

తైస్తో పుస్తకం తిరగేశాడు.
ఆజ్ఞ మీరితే, పేజీ రెండు వందల ఎనభై ఎనిమిది.
పదకొండేళ్లుగా ఆడుతున్నా
ఆ పేజీ ఎవరికీ అవసరపడలేదు.
పక్క పేజీకి అతుక్కుపోయి ఉంది.
రైలీ గోటితో విడదీసింది, కట్టు విప్పినట్టు.

పట్టిక లేదు. ఒకే వాక్యం:
తీర్పరి పాచికలు పక్కన పెట్టి, ఎందుకని అడగాలి.

తైస్తో కళ్లజోడు తీశాడు.
"ఎందుకు?" అన్నాడు.
ఆ గొంతు తగ్గడం అదే మొదలు,
హోరు లేని గదికి సరిపోయేంత.

నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను.
"ఓర్బెక్" అన్నాను.
యౌని లేచి హీటరు కొంచెం ఇటు తిప్పాడు.