తైబజారు చిట్టీ

మంగళారం మంగళారం
మా నల్లగట్టుపల్లె అంగట్ల
చిట్టీలు చింపేది నేనే.
పంచాయతీ కారోబారును.
జీతం మూడు నెలలు ఎనక నడుస్తది.

గంపకు పది.
తోపుడుబండికి ఇరువై.
మేకకు ముప్పై, అమ్ముడుపోయినా పోకున్నా.
ఉల్లిగడ్డల దుమ్ము, ఎండుచాపల ఈగలు,
గాజులబండి కాడ తెగని బేరం
అన్నీ కలిసి ఈ ఏడు
లక్షా ఎనభై నాలుగు వేల ఆరొందలు.
అంత పైస ఒక్కకాడ పడేసరికి
ఊరికి నిద్ర పట్టలే.

కమాను కట్టాలె అన్నరు కొందరు,
పరకాల బస్సుల పోయేటోళ్లకు
ఊరి పేరు కనవడాలె.
బడికి పెట్టాలె అన్నరు కొందరు.
వానొస్తే ఐదో తరగతి మూడో తరగతిలకు పోతది,
మూడో తరగతి వరండలకు పోతది,
వరండల వంటామె పొయ్యి ఉంటది.

ఈసారి గాంధీ జయంతి మంగళారమే వడ్డది.
అటు అంగడి, ఇటు గ్రామసభ.
సర్పంచ్ ధరావత్ మంగ్తి కుర్చీల కూసున్నది,
మైకు ఆమె పెనిమిటి చేతుల ఉన్నది.
చాడ నర్సింహరెడ్డి లేచి
"నా మనుమలు పసుపు బస్సుల పోతరు,
బడితోని నాకేం పని?" అన్నడు.
జన్ను ఐలయ్య కూసున్నకాన్నుంచే
"కమాను కిందికెల్లి పోయేది గా బస్సే గదా పటేలా,
మరి నడిసేటోడో?" అన్నడు.
నవ్విండ్రు.
నవ్వు ఓటు కాదు, రాసుకోలే.

సుదర్శనం సారు మాట్లాడుతడనుకున్నరు.
సారు ఒక కిటికీ రెక్క తెచ్చి
బల్ల మీద పెట్టి ఊకున్నడు.
చెదలు తిన్న రెక్క.
నా తీర్మానాల బుక్కు మీద ఇంత పొడి రాలింది.

చేతులు లెక్కపెట్టుడు అలకగ ఉండదు.
బీడీ పట్టిన చెయ్యి,
పత్తి ఏరి గీరుకపోయిన చెయ్యి,
సగం లేచి, పక్కోన్ని చూసి దిగిన చెయ్యి.
మొగనిది అటు, పెండ్లానిది ఇటు,
రెండూ ఒక్క చాప మీదికెల్లే.

అప్పుడు ఎనక గోడకాడ
బొల్లు సాంబలక్ష్మి చెయ్యెత్తింది.
ఎండుచాపలమ్ముతది. మా ఊరు కాదు,
మూడూర్ల అవతలికెల్లి వస్తది.
"నీ ఓటు ఈడ లేదు సాంబక్కా, దించు" అన్న.
దించలే.
"పదకొండేండ్ల సంది ప్రతి అంగడికి పది.
ఇయ్యాల నీసు అమ్మొద్దని
గంపకు మూత పెట్టిపిచ్చిండ్రు,
మూత పెట్టిన గంపకు గుడ పది గుంజుకుంటివి.
నా పైస ఓటేస్తది గాని, నేను ఎయ్యొద్దా?"

మైకు గరగరమన్నది, మాట రాలే.
నేను కారోబారును, లెక్క ఆపుకోలేను:
ఏడాదికి యాభై రెండు అంగళ్లు,
పదకొండేండ్లు,
ఐదు వేల ఏడొందల ఇరువై.
ఒక కిటికీ వస్తది, రెక్కలతోని.

ఆ చెయ్యి నేను లెక్కపెట్టలే.
పెట్టలేదనే చెప్త, ఎవ్వలడిగినా.

బడికి డెబ్బై ఒకటి,
కమానుకు అరవై తొమ్మిది.
ఆఖరుకు లేచిన చెయ్యి మంగ్తిది.
మైకు దిక్కు చూడకుంట ఎత్తింది.

తీర్మానం రాసిన, ఏలిముద్రలు ఏపిచ్చిన.
పైసలు ట్రెజరీల ఉన్నయట,
చెక్కు ఎన్నడు పాసయితదో
హన్మకొండల ఎవ్వలు చెప్తలేరు.
కిటికీ రెక్క నా బల్ల మీదనే ఉన్నది,
బరువుకు కాయితాల మీద పెడుతున్న.

మళ్ల మంగళారం.
సాంబలక్ష్మి పది చేతుల పెట్టింది,
నేను పక్క గంప దిక్కు జరిగిన.
"ఆగు కారోబారూ, నా చిట్టీ ఏది?"
ఇన్నేండ్లు ఇస్తే తీసుకోలే,
ఈగలు తోలనీకి గుడ పనికిరాదన్నది.
"ఏం రాసున్నది దీని మీద?"
"గంప ఒకటి. పది రూపాయలు."
"ఎనక బడి అని రాయి."
అట్ల రాయనీకి రూలు లేదు.
పెన్ను పారలే,
రెండోసారి ఒత్తి రాసిన.