మొప్ప ఎరుపు

డాక్టరమ్మ మా ఆయన కింది రెప్ప లాగి సూసినాది.
నానూ అంతే సేస్తాను హార్బర్లో,
కానాగంత మొప్ప ఎత్తి.
ఎర్రగుంటే బేరం.
పాలిపోతే మాటాడకుండా
పక్క గంప కాడికి నడుత్తాను.
ఈ గంప ఒగ్గీసి ఎక్కడికి నడవను?

"ఏడు పాయింటు రెండు" అన్నాది.
మైలపల్లి ఎర్రయ్య.
ఎరుపు పేరులోనే మిగిలినాది.
వల లాగితే ఒడ్డు ఊగీది అప్పుడు.
ఇప్పుడు మూడు మెట్లెక్కి గోడ పట్టుకుంటాడు.

సిస్టరు ఎస్తేరు నాకు తెలిసీలా సెప్పినాది:
ఎముక లోపల రక్తం పుట్టాలంటే
కిడ్నీ కబురెట్టాలంట.
కబురెట్టీవోడు పడుకున్నాడు.
మిషను రక్తం కడుగుతాది గానీ
కబురెట్టదు.
ఆ కబురే ఈ సూది.

సూది సల్లగుండాల. గడ్డ కట్టకూడదు. కుదపకూడదు.
ఐసు సంగతి నాకా సెప్పడం?
ఇరవయ్యేళ్ళు ఐసులో నానిన గోళ్ళివి.
సేపకి ఐసు తగలాల,
దీనికి సల్లదనమే తగలాల.
టిఫిను డబ్బాలో హార్బరు ఐసు,
మీద పాత సీర నాలుగు మడతలు,
మడతల్లో డాబాగార్డెన్స్‌లో కొన్న సూది.
జగదాంబ మలుపులో డ్రైవరు బ్రేకేస్తే
పసిగుంటని అదుముకున్నట్టు
పొట్టకి అదుముకున్నాను.
పక్కనావిడ ముక్కు మూసుకున్నాది.
సేపలనుకున్నాది.
అనుకోనీ.

ఇంకో సీసా, డికాషను రంగు. ఇనుమంట.
ఆయన నవ్వినాడు:
"జపాను ఓడలకెత్తీ మట్టి
నాకెక్కిత్తన్నారే."
ఆ వారమంతా అదే మాట, వార్డు వార్డుకీ సెప్పినాడు.

ఏడున్నర. ఎనిమిది.
జొరమొచ్చి మళ్ళీ ఏడు.
సూది దొరకని పదైదు రోజులు, అవి లెక్కెట్టను.
తొమ్మిది.
పదిన్నర దాటి పదకొండు.
మెట్లు ఆగకుండా ఎక్కి, పైనుంచి నన్ను పిలిసినాడు, బేగి రమ్మని.

అప్పుడు డాక్టరమ్మ సూది తగ్గిస్తానంది.
"ఎందుకమ్మా, కానీండి, ఇంకా ఎర్రబడనీండి."
"మరీ సిక్కబడితే సేతి నరం మూసుకుపోతాది,
బీపీ తలకెక్కుతాది" అని
ఎస్తేరు నా భుజం పట్టుకుని కిటికీ కాడికి తిప్పినాది,
ఎలుతురులో నా కింది రెప్ప లాగినాది.

ఏటి మాటాడదు.

ఇన్నేళ్ళూ నా మొప్ప ఎవులెత్తినారు గనక?

"దానికెంత?"
గొట్టాల మధ్యనుంచి ఆయన అడిగినాడు.
ఎస్తేరు సీటీ రాస్తన్నాది.
డబ్బాలో ఐసు కరిగి
నా కాళ్ళ మీద సుక్క సుక్కగా పడతన్నాది.