నేల ఆరేదాకా

కుళ్లాయమ్మా, ముందు ఆ బకెట్ కింద పెట్టు.
రాత్రంతా దుమ్ము లేసింది, చూళ్లేదా?
మనది కడప. ఈ జహ్రా ఎడారికి గడప.
కిటికీలకు టేపులేసినా, తలుపు కింద తువ్వాలు కుక్కినా
దానికి దారి ఎవురూ చూపించే పన్లే.
పిండి జల్లించినట్టు హాలంతా పరుచుకోని ఉండాది.
దీని మింద నీళ్లు పోస్తివా,
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని
మా జేజి ఊరికే అన్లే.

మొదటి వారం నేను పోసినా.
చలవరాయి మింద ఎర్రగీతలు, వంకర వంకరగా,
వంక ఎండినంక మిగిలే చారల మాదిరి.
మేడం అరవలే. తెల్ల టిష్యూ వేలికి చుట్టి
ఒక్క గీత గీసి, నా మొగం ముందర పట్టింది.
అంతే.

అందుకే పొడిది ముందు.
ఆ వెడల్పు కర్ర, నూలుపోగులది.
ఎత్తగూడదు దాన్ని, ఎత్తితే దుమ్ము మళ్లా గాలికెక్కుతాది.
నిద్రపోయే బిడ్డ మింద దుప్పటి జరిపినట్టు
గోడెంబడి, సోఫాల కింద, ఒకటే పోక.
బయట దులిపేటప్పుడు గాలి ఎటుందో చూసుకో,
లేకుంటే అర్ధగంట పని నీ నోట్లోకే.

దీవానియాలోకి మాత్రం తడి తీస్కపోవద్దు.
అది చెక్క. ఏ దేశపు చెట్టో,
నీళ్లు తాగితే ఉబ్బుతాది, అలిగిన అల్లుడి మాదిరి.
ఆ మూల రెండు పలకలు పైకి లేసినాయే,
అవి నాకంటే ముందున్న సిలోన్ ఆమె చేసిన పని.
పేరు ఎవురికీ గుర్తు లేదు.
ఆమె సంగతొస్తే ఆ పలకల్నే చూపిస్తారు.

నేను రాయి ఎరిగిందాన్ని.
ఎర్రగుంట్ల కాడ బండల ఫ్యాక్టరీలో పదకొండేండ్లు,
పాలిషు మిషను కింద నీళ్లు పారతానే ఉంటాయి,
మోకాళ్లదాకా బూడిదరంగు తడి.
మన నల్లబండ ఏం చేసినా పడుంటాది.
ఈ తెల్లరాయికి నిమ్మకాయ చుక్క తగిల్తే చాలు, మచ్చ.
ఆ వెనిగర్ సీసా పక్కన పెట్టు. సబ్బు మూతకు సగం.
గుడ్డ పిండు. ఇంకా పిండు.
తడంటే నీళ్లు గాదమ్మీ,
నీళ్లుండి పోయిన గుర్తు.

ఇంగ రెండిట్లో ఏది మేలంటావా?
పొడి తుడుపుకు సాక్ష్యం ఉండదు.
గంటసేపు వంగి లేస్తావు, ఎవురికీ కనపడదు.
తడిది మెరుస్తాది, వాసనొస్తాది,
పని జరిగిందని అదే చెప్తాది.
కానీ నేను చెప్పబొయ్యేది అది గాదు.
దగ్గరికి రా.

తడి పెట్టినంక, నేల ఆరేదాకా
ఎవురూ అడుగు పెట్టగూడదు.
పెద్దామె, ఉమ్ జాసిం, నాలుగేండ్ల కిందట
జారి తుంటి విరగ్గొట్టుకున్యాక ఇది ఈ ఇంటి చట్టం.
హాలుకు ఈ పక్క నువ్వు, ఆ పక్క వాళ్లు.
చాయ్ కావాలన్నా, చార్జర్ యాడుందన్నా
నడుమ ఇరవై అడుగుల మెరుపు.
ఏసీ గాలికి పన్నెండు నిమిషాలు, నేను లెక్కబెట్టినా.
పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా
నన్నెవురూ పిలవంది ఆ పన్నెండే.
ఏం చేస్తావంటే ఏం లేదు.
గోడకు ఆనుకోని కాళ్లు మార్చి మార్చి నిలబడతా.
పంటి సందున ఇరుక్కున్న ఖర్జూరం తొక్క తీస్కుంటా.

మొన్న పెద్దామె వాకర్ తోసుకుంటా వచ్చి అంచున ఆగింది.
ఆరిందా, అనడిగింది.
ఎప్పుడో ఆరింది. నా నీడ కూడా దాంట్లో లేదు.
ఇంకా లేదు మామా, అన్నా.
వాకర్ కాలితో నేలను ఒక్కసారి రుద్దింది.
ఎండిన రాయి మింద రబ్బరు కీచుమనింది.
ఇద్దరికీ వినపడింది.
సరేలే, అని కుర్చీ లాక్కోని
ఆ పక్కనే కూచుంది, తస్బీ పూసలు తిప్పుతా,
నా దిక్కు చూడకుండా.

ఏందట్ల నిలబడ్తివి?
గుడ్డ మళ్లా పిండు, కారతాంది.